ఊరు చూసే లిస్టు మీరే రాసుకోండి

విదేశంలో ఏదైనా నగరానికి వెళ్తుంటే, "తప్పక చూడాల్సిన 50 ప్రదేశాలు" లాంటివి కాసేపు పక్కన పెట్టి సొంత లిస్టు ఒకటి రాసుకోండి. అందులో ప్రదేశాల పేర్లు కాకుండా, అక్కడ చేయాల్సిన పనులు రాయండి. పారిస్ వెళ్తూ "లూవ్ర్ మ్యూజియం" అని రాస్తే అది హాజరు పట్టీ అవుతుంది, వెళ్లి టిక్కు పెట్టి వచ్చేస్తాం. "లూవ్ర్‌లో ఏదో ఒక శిల్పం ముందు అరగంట కూర్చోవాలి" అని రాసుకుంటే నిజంగానే కూర్చుంటాం. అలాగే పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 28 నంబర్ ట్రామ్ పొద్దున్నే, జనం ఎగబడకముందే ఎక్కి చివరి స్టాప్ దాకా వెళ్లడం, తిరిగి వచ్చేటప్పుడు నడుచుకుంటూ రావడం. దారి తప్పినా ఫర్వాలేదు, అదీ లిస్టులో ఉన్నట్టే!

పది పన్నెండు పనులు చాలు. ప్రతి దాన్నీ గూగుల్ మ్యాప్స్‌లో సేవ్ చేసుకుంటే ఏవి పక్కపక్కనే ఉన్నాయో చుక్కల గుంపులు చూడగానే తెలిసిపోతుంది. ఒక్కో గుంపుకి ఒక పూట. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దింపుకోండి, నెట్ లేదన్న టెన్షన్ ఉండదు.

సెలవు రోజులు కూడా పక్కనే రాసుకోవాలి. పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియానికేమో సోమవారం. ఇది చూసుకోక ఒకసారి మూసిన తలుపు ముందు ఫొటో దిగి వచ్చాను.

చివర్లో ఒక గీత ఖాళీగా వదలండి. అక్కడికెళ్లాక ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తారు, దానికి.