ఊగని స్పీకర్ స్టాండ్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

ఎవరైనా తాము చేసిన స్పీకర్ స్టాండ్ చూపిస్తే నేను ముందు పాట పెట్టమని అడగను. పై పలక మీద వేలు పెట్టి మెల్లగా తోస్తాను. పాలిష్ అద్దంలా మెరుస్తుంటుంది, అంచులు నున్నగా ఉంటాయి, స్టాండ్ మాత్రం ఊగుతుంది. వంగి చూస్తే పీట కింద మడతపెట్టిన అట్టముక్క కనిపిస్తుంది.

ఐదారు కిలోల స్పీకర్ రెండడుగుల ఎత్తున ఊగుతూ ఉండటం మంచిది కాదు. మా బంధువుల ఇంట్లో ఏడాదిన్నర పిల్ల స్టాండ్ పట్టుకుని లేవబోతే స్పీకర్ జారి పక్కనే పడింది. దేవుడి దయవల్ల పిల్లకు దెబ్బ తగల్లేదు, నేల మీద టైలు చిట్లింది. ఆ స్టాండ్‌కు వాడింది మంచి టేకు. లోపం చెక్కలో కాదు, నిలువు కంబం చివర్లలో ఉంది. అందుకే ఆ చివర్ల గురించి ఎక్కువ చెబుతాను, మిగతాది త్వరగా ముగిస్తాను.

సామాను

18 ఎంఎం ప్లైవుడ్ అరషీటు, అంటే 4 × 4 అడుగుల ముక్క, రెండు స్టాండ్లకు సరిపోతుంది. ఐఎస్ 303 (ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకోండి. 10 ఎంఎం త్రెడ్ రాడ్ (పొడవునా మరలున్న కడ్డీ) మీటరు పొడవువి రెండు, వాటికి నట్లు, వాషర్లు. పాదాలకు 8 ఎంఎం బోల్టులు ఎనిమిది, టీ-నట్లు (చెక్కలోకి దింపే నట్లు) ఎనిమిది. ఫెవికాల్, కనీసం నాలుగు క్లాంపులు, డ్రిల్ మిషన్, మూలమట్టం, రసమట్టం, 80, 120, 220 నంబర్ల శాండ్‌పేపర్. అంతే.

టేకు ఎందుకు వద్దు అని అందరూ అడుగుతారు. టేకు గొప్ప చెక్కే, కాదనను. కానీ ఏ చెక్క పలకైనా, సరిగా ఆరనిదైతే ఇంకా ఎక్కువగా, వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అడితిలో మనకు దొరికే పలక ఎంత ఆరిందో కొత్తవాళ్లు చూసి చెప్పలేరు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ కదలిక దాదాపు ఉండదు. పార్టికల్ బోర్డు జోలికి మాత్రం అసలు వెళ్లకండి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి. పీట అంచుకు నీళ్లు తగిలిన కొన్ని నెలలకే అది ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది.

ఎత్తు లెక్క

మీరు రోజూ కూర్చునే కుర్చీలోనో సోఫాలోనో కూర్చోండి. నేల నుంచి మీ చెవి వరకు ఎంతుందో ఇంకొకరిచేత కొలిపించండి. స్పీకర్ అడుగు నుంచి దాని ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న గుండ్రటి భాగం) మధ్యభాగం వరకు కొలవండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే స్టాండ్ మొత్తం ఎత్తు వస్తుంది. మా ఇంట్లో చెవి 92 సెంటీమీటర్లు, ట్వీటర్ 25. కాబట్టి స్టాండ్ 67. అందులో పీట రెండు పొరలు 3.6, పై పలక రెండు పొరలు 3.6, పాదాలు 1.5. ఇవి పోగా కంబం 58.3 సెంటీమీటర్లు. "రెండడుగులు పెట్టేద్దాం" అని అంచనాగా కోయించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, టేపు తీయడానికి రెండు నిమిషాలు పట్టదు.

కోత

షాపులోనే మిషన్ మీద కోయించుకోండి. చేతి రంపంతో నిటారుగా కోయడం నేర్చుకోవడానికి ఇది సమయం కాదు. ఒక్కో స్టాండ్‌కు పీట ముక్కలు 30 × 35 సెంటీమీటర్లవి రెండు, పై పలకకు 18 × 22వి రెండు (మీ స్పీకర్ అడుగు ఇంకా పెద్దదైతే దాని కొలతే పెట్టుకోండి), కంబానికి 12 వెడల్పువి రెండు, 8.4 వెడల్పువి రెండు. మిగిలిన ముక్కల్లోంచి 8.3 × 8.3 దిమ్మలు రెండు.

కంబానికి రెండు స్టాండ్లకూ కలిపి ఎనిమిది పట్టీలు వస్తాయి. ఎనిమిదింటినీ మిషన్ మీద ఒకే సెట్టింగ్‌లో, ఒకదాని వెంట ఒకటి పొడవు కోయమని చెప్పండి. నాలుగు కోసి టీ తాగి వచ్చి మళ్లీ గైడ్ సర్దితే ఎంత మంచి పనివాడి చేతిలోనైనా అర ఎంఎం తేడా వస్తుంది. దగ్గర నిలబడి చూసుకోండి, మొహమాటపడకండి. ఇంటికి వచ్చాక ఎనిమిదింటినీ వంటగది గ్రానైట్ గట్టు మీద పక్కపక్కనే నిలబెట్టి పైన వేలితో రాసి చూడండి. ఎక్కడా వేలు తట్టుకోకూడదు.

పీట రెండు పొరలనూ, పలక రెండు పొరలనూ ఫెవికాల్ రాసి క్లాంపులు పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

కంబం: ఇక్కడ తొందరపడకండి

కంబం అడుగు 12 సెంటీమీటర్ల చదరం. ఆ అడుగు ఒక వైపు ఒక్క ఎంఎం ఎత్తుగా ఉందనుకోండి. 58 సెంటీమీటర్లు పైకి వెళ్లేసరికి ఆ ఒక్క ఎంఎం దాదాపు 5 ఎంఎం వాలుగా మారుతుంది. రెండు స్టాండ్లు రెండు వైపులకు వాలితే గదిలోకి అడుగుపెట్టగానే కంటికి తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఎత్తుపల్లాలున్న అడుగు పీట మీద పూర్తిగా ఆనదు, ఒక అంచు మీదే నిలబడుతుంది. దాన్ని ఎంత బిగించినా కొన్నాళ్లకు ఆ అంచు నలిగి కంబం ఊగడం మొదలవుతుంది.

కాబట్టి ముందు ఫెవికాల్ లేకుండా నాలుగు పట్టీలనూ పెట్టెలా పేర్చి క్లాంపులు బిగించి చూడండి. వెడల్పు పట్టీలు ముందూ వెనకా, సన్నపు పట్టీలు వాటి మధ్యలో. చివర మూల నుంచి మూలకు కొలవండి. రెండు కొలతలూ సమానంగా, 17 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే పెట్టె చదరంగా లేనట్టే. పొడవు కొలత ఏ మూలల మధ్య వచ్చిందో ఆ రెండు మూలలనూ కలిపి పట్టేలా ఇంకో క్లాంపు వేసి కొద్దిగా నొక్కితే సర్దుకుంటుంది.

అసలు కష్టం ఫెవికాల్ రాశాకే మొదలవుతుంది. తడి ఫెవికాల్ మీద పట్టీలు సబ్బు మీద జారినట్టు జారతాయి. మీరు క్లాంపు తిప్పుతున్న కొద్దీ ఒక పట్టీ చడీచప్పుడు లేకుండా రెండు ఎంఎం కిందికి దిగిపోతుంది. పొద్దున్నే చూసేసరికి అది రాయిలా బిగిసి ఉంటుంది. కొత్తవాళ్లు చేసే స్టాండ్లలో ఎక్కువ భాగం పాడయ్యేది ఈ ఒక్కచోటే. దీనికి నేను చేసే పని ఇది: ఉత్తి పెట్టె చదరంగా నిలిచినప్పుడే ప్రతి అంచులోనూ పైనొకటి, కిందొకటి సన్న మేకులు సగం వరకు దింపుతాను. విప్పి, ఫెవికాల్ రాసి, మళ్లీ అవే కన్నాల్లో ఆ మేకులు పెడతాను. అప్పుడు పట్టీ జరగడానికి చోటుండదు. బిగిసాక మేకులు లాగేసి కన్నాలు పూడ్చేస్తాను. మేకులు పెట్టెను నిలబెట్టడానికి కాదు, జరగకుండా ఆపడానికి మాత్రమే.

క్లాంపులు ఒకేసారి గట్టిగా తిప్పకండి. అన్నింటినీ తలా కాస్త బిగిస్తూ రెండు మూడు చుట్లు తిరగండి. ఆ వెంటనే కంబాన్ని గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి, పైనుంచి అరచేత్తో తట్టి నాలుగు చివరలూ ఒకే మట్టానికి తెండి. తర్వాత మెలిక చూడాలి. కంబాన్ని పడుకోబెట్టి, రెండు చివర్లలో పైన రెండు స్టీలు స్కేళ్లు అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. రెండు స్కేళ్ల అంచులు ఒకదానికొకటి సమానంగా కనిపిస్తే కంబం తిన్నగా ఉంది. ఒకటి ఒక పక్కకు లేచినట్టుంటే పెట్టె మెలి తిరిగింది. ఫెవికాల్ తడిగా ఉండగానే క్లాంపులు వదులు చేసి సర్దాలి. ఆరాక ఇక చేయగలిగింది లేదు.

ఇరవైనాలుగు గంటలు ముట్టుకోకండి. వానాకాలమైతే రెండు రోజులు.

ఆరాక కంబాన్ని మళ్లీ గ్రానైట్ గట్టు మీద నిలబెట్టండి. గదిలో లైట్లు తీసేసి, కంబం వెనక నేలబారుగా ఫోన్ టార్చి పెట్టి ముందు నుంచి చూడండి. అడుగున వెలుగు గీత కనిపించిందంటే అక్కడ సందు ఉంది. నాలుగు వైపుల నుంచీ చూడండి, తర్వాత కంబాన్ని తిరగేసి రెండో చివర కూడా చూడండి. వెంట్రుకంత సందు ఉంటే ఇలా సరిచేయవచ్చు: 80 నంబర్ శాండ్‌పేపర్‌ను గట్టుకు టేపుతో అంటించండి. కంబం అడుగంతా పెన్సిల్‌తో గళ్లు గీయండి. రెండు చేతులతో కంబాన్ని కింది భాగంలో పట్టుకుని నాలుగైదు సార్లు రుద్దండి. ఎక్కడ గీత చెరిగిందో అది ఎత్తు, ఎక్కడ మిగిలిందో అది పల్లం. గళ్లన్నీ ఒకేసారి చెరిగేదాకా ఇలాగే చేయాలి. పైభాగం పట్టుకుని రుద్దితే కంబం ముందుకూ వెనక్కూ ఊగి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. శాండ్‌పేపర్ చేత్తో పట్టుకుని అడుగు రుద్దడం మరీ తప్పు. ఒక ఎంఎం కంటే ఎక్కువ తేడా ఉంటే రుద్దుతూ కూర్చోకండి. కంబాన్ని షాపుకు తీసుకెళ్లి చివర సన్నగా కోయించండి. అయితే రెండో కంబాన్నీ అంతే కోయించాలి.

రాడ్ బిగింపు

పీటకూ పలకకూ మూల నుంచి మూలకు గీతలు గీసి నడిమధ్య గుర్తు పెట్టండి. పీటకు అడుగు వైపు, పలకకు పై వైపు ముందుగా 30 ఎంఎం వెడల్పు, 15 ఎంఎం లోతు గుంట తీయండి. ఆ తర్వాతే మధ్యలో 11 ఎంఎం కన్నం. ముందే కన్నం వేసేస్తే గుంట తీసే బిట్టుకు మధ్యలో ఆనుకునే చోటుండదు, అది చెదిరిపోతుంది. 8.3 దిమ్మలకూ మధ్యలో కన్నం వేసి, ఒకటి పీట పైన, ఒకటి పలక కింద అంటించండి. కంబం వాటి మీద టోపీలా కూర్చుంటుంది, పక్కలకు తిరగదు.

రాడ్‌ను 65 సెంటీమీటర్లకు (ఇది మా 58.3 కంబానికి, మీ కంబం పొడవును బట్టి మార్చుకోండి) కోసి, కింద నట్టు వేసి నిలబెట్టి, కంబం తొడిగి, పలక పెట్టి పైన వాషర్, నట్టు వేసి బిగించండి. చేత్తో బిగించాక స్పానర్‌తో ఇంకో ముప్పావు చుట్టు చాలు. ప్లైవుడ్ నలిగే చప్పుడు వినిపించిందంటే ఎక్కువైనట్టే.

పీటకూ కంబానికీ మధ్య నేను ఫెవికాల్ రాయను, మీరూ రాయకండి. చాలామంది పీట అడుగు నుంచి కంబం అంచుల్లోకి నాలుగు స్క్రూలు దింపి పని అయిపోయిందంటారు. ప్లైవుడ్ అంచులోకి దిగే స్క్రూ పొరల మధ్యకు వెళ్లి వాటిని విడదీస్తుంది, పట్టు ఉండదు. ఎల్-క్లాంపులు (మూలలో స్క్రూలతో బిగించే ఇనుప పట్టీలు) పెడితే చూడటానికీ బాగుండదు, వాటి స్క్రూలు కూడా కొన్నాళ్లకు వదులవుతాయి. రాడ్ అయితే పైనుంచి కింది వరకు మొత్తాన్నీ నొక్కి పట్టి ఉంచుతుంది. వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. అద్దె ఇల్లు మారేటప్పుడు విప్పి డిక్కీలో పెట్టుకుని వెళ్లవచ్చు.

ఇసుక, పాదాలు

బోలు కంబాన్ని వేలి కణుపుతో తట్టండి. ఖాళీ డబ్బాలా మోగుతుంది. స్పీకర్ మోగేటప్పుడు అదే మోత పాటలో కలుస్తుంది. పై పలక తీసి, అరకిలో పట్టే సన్న పాలిథిన్ కవర్లలో ఇసుక నింపి రాడ్ చుట్టూ సగం ఎత్తు వరకు దించండి. సుమారు మూడు కిలోలు పడుతుంది. నిండా నింపాలనేవాళ్లతో నేను ఏకీభవించను. సగమే నింపితే బరువు కిందే ఉంటుంది, స్టాండ్ తూలదు. ఏటి ఇసుక కడిగి, ఎండబెట్టి, మరమరాలు వేయించే ఇసుకలా మూకుడులో పొడిపొడిగా వేయించి చల్లార్చండి. సముద్రపు ఇసుక వద్దు, అందులోని ఉప్పు రాడ్‌కు తుప్పు పట్టిస్తుంది. మళ్లీ తట్టి చూడండి. ఈసారి కింది సగంలో 'దబ్' అని ఆగిపోతుంది.

మూడు రాళ్ల పొయ్యి ఏ నేల మీదైనా ఊగదు, నిజమే. కానీ మూడు కాళ్ల స్టాండ్‌ను కాలు లేని మూల వైపు తోస్తే సులువుగా ఒరిగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో నాలుగు పాదాలే ఉండాలి. పీట నాలుగు మూలల్లో టీ-నట్లు దింపి, 8 ఎంఎం బోల్టులు ఎక్కించి, తలలకు రబ్బరు తొడుగులు వేయండి. పలక మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా బోల్టులు తిప్పండి. నాలుగో పాదం నేలకు ఆనిందో లేదో దాని కిందికి ఒక కాగితం తోసి చూడండి. దూరకూడదు.

120తోనూ, తర్వాత 220తోనూ రుద్ది మీకు నచ్చిన రంగో పాలిషో వేసుకోండి. పీట అంచులకు మాత్రం రెండు పూతలు ఎక్కువ వేయండి, నీళ్లు తగిలేది అక్కడే. పలక మీద వంటగది అరల్లో పరిచే జారని రబ్బరు మ్యాట్ ముక్క కోసి పరిచి దాని మీద స్పీకర్ పెట్టండి.

రెండు వారాలయ్యాక స్పీకర్ దించి, మ్యాట్ తీసి, పై నట్టుకు స్పానర్ వేసి చూడండి. మొదటిసారి పావు చుట్టు దాకా తిరుగుతుంది. ఆ తర్వాత వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూసుకుంటే చాలు.