ఉక్కలో లాంగ్ రన్: చలికాలం టైమును ఇంట్లో పెట్టి రండి

రెండు వారాల కిందట జరిగిన హాఫ్ మారథాన్‌లో (21 కిలోమీటర్ల పరుగు) మా గ్రూపు అబ్బాయి పడిపోయాడు. ఇరవై ఆరేళ్లవాడు. ఏ దురలవాటూ లేదు. జనవరిలో ఇదే దూరం 1 గంట 58 నిమిషాల్లో ముగించాడు. నేను 18వ కిలోమీటరు దగ్గర నీళ్ల టేబుల్ చూసుకుంటున్నా. వాడు వస్తుంటే అడుగులు రోడ్డంచు తెల్లగీతకు అటొకటి ఇటొకటి పడుతున్నాయి. గ్లాసు అందిస్తే చెయ్యి దానికి బెత్తెడు పక్కన మూసుకుంది. ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఆ ఉక్కలో చలేస్తున్నట్టు. చేతి గడియారం బజ్‌మని మోగుతూనే ఉంది. "ఆగు నాయనా" అన్నా. "రెండు నిమిషాలు వెనకపడ్నా, వదులన్నా" అని చెయ్యి విదిలించుకున్నాడు. వదిలేశాను. అర కిలోమీటరు పోయాక పడ్డాడు.

తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. కండరాలు దెబ్బతిని ఆ చెడంతా కిడ్నీల మీద పడింది. డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు, మెట్లెక్కితే ఆయాసం.

వానాకాలం పోయేలోపల ఇంకా రేసులున్నాయి. కర్నూలు, నంద్యాల, కడప నుంచి చాలామంది పిల్లలు పేర్లిచ్చారు. అందుకే రాస్తున్నా. టోపీ పెట్టుకోండి, నీళ్లు తాగండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మనుషుల్ని పడగొట్టే తప్పు ఒకటే: చలికాలంలో కొట్టిన టైమును ఉక్కలోనూ కొట్టాలనుకోవడం. నేను చూసినవాళ్లలో పడిపోయింది బరువున్నవాళ్లో, కొత్తవాళ్లో కాదు. బాగా ప్రాక్టీసు చేసి, గడియారంలో ఒక అంకె పెట్టుకుని వచ్చినవాళ్లే.

మనకు ఎండంటే భయం లేదు. మే నెలలో 43 డిగ్రీలు చూసిన ఊరు మన కర్నూలు. మోసం అక్కడే ఉంది. మన ఎండ పొడి ఎండ. ఏప్రిల్‌లో కుండలో నీళ్లు గొంతు జిల్లుమనేంత చల్లగా ఉంటాయి. అదే కుండ, సెప్టెంబరులో ముసురు పట్టి ఉక్క పోస్తున్నప్పుడు చూడండి, నీళ్లు వెచ్చగానే ఉంటాయి. కుండ ఒళ్లు చెమరుస్తుంది గానీ ఆ తడిని గాలి పీల్చుకోదు. ఎండాకాలంలో గదినంతా చల్లబరిచిన కూలర్ వానాకాలంలో జిడ్డు గాలి కొట్టేదీ అందుకే. మన ఒళ్లూ కుండ లాంటిదే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా మోచేతి నుంచి బొట్లుబొట్లుగా రోడ్డు మీద రాలిన చెమటతో ఉప్పూ నీళ్లూ పోవడమే తప్ప చలువ లేదు. "చెమట బాగా పడుతోంది, ఏం కాదులే" అనేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగానే మారుతుంది. వేగం పెంచితే ఆ వేడి పెరుగుతుంది. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయిన రోజు మన చేతిలో ఉండేది లోపలి పొయ్యిలో మంట తగ్గించడమే. తగ్గించడమంటే మెల్లగా పోవడం. వేరే ఉపాయం లేదు.

"ఐదున్నరకే స్టార్టు, ఎండే ఉండదు కదన్నా" అంటారు. గాలిలో తేమ బాగా ఉండేదే తెల్లవారుజామున. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి పెట్టారు. అయినా 30 డిగ్రీలు దాటిన వేడి, 70 శాతం దాటిన తేమ. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన కెన్యా అమ్మాయి టైము 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. ఆమే అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో 2:17:08లో పరిగెత్తింది. ప్రపంచ విజేత పదిహేను నిమిషాలు వదులుకుని గెలిచింది. మనం పది నిమిషాలు వదులుకోలేమా?

రేసుకు ముందు: ఒళ్లు ఉక్కకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసింది ఇందుకు లెక్కలోకి రాదు. రోజూ గంటసేపు, కేసీ కెనాల్ గట్టునో, జగన్నాథగట్టు వైపో బయటి గాలిలోనే మెల్లగా పరిగెత్తండి. రేసుకు ముందు వారంలో జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చి ఉంటే రేసు మానుకోండి. తగ్గిపోయిందనిపించినా మానుకోండి. ఒళ్లు వేడిని దించుకునే శక్తి అంత తొందరగా తిరిగి రాదు. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని పరిగెత్తొద్దు. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పేరివ్వొద్దు.

ఆ పొద్దున: ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సంబరపడొద్దు, డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో డిగ్రీల్లో చెప్పే అంకె) చూడండి. అది 20 దాటితే ఉక్క తెలుస్తుంది. 24 దాటితే టైము సంగతి మరిచిపోండి. కిలోమీటరు 5:40లో పోయేవాళ్లు 6:15తో మొదలుపెట్టండి. 2 గంటల హాఫ్ 2 గంటల 12 నిమిషాలవుతుంది, అంతే కదా. మొదటి ఐదు కిలోమీటర్లూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే ఇంకా తగ్గించండి. వేగం తగ్గితే మోగే పేస్ అలారం గడియారంలో తీసెయ్యండి. వీలైతే గడియారమే తీసెయ్యండి.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. టేబుల్ కనిపించినచోటల్లా దాహం లేకపోయినా రెండు గ్లాసులు దించుకుంటే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. దాహమేసినప్పుడు తాగండి. లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. బరువు పెరిగిందంటే మీరు ఎక్కువ తాగారు. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపండి. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని అమ్మిన తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని చెప్పింది. ఇంట్లో ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఎటూ ఉంది. గంటలోపు ముగిసే పరుగుకు మామూలు నీళ్లు చాలు.

ఇక మిగతావి.

ముందురోజు రాత్రి మందు ముట్టొద్దు. నిద్ర లేకుండా బస్సు దిగి నేరుగా స్టార్టుకు రావొద్దు.

బరువు తగ్గుతుందని ప్లాస్టిక్ జాకెట్, రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తొద్దు. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు చేస్తున్నారు. చంపేస్తుంది.

రేసుకు ఇచ్చిన టీషర్టు మందంగా ఉంటే అది వేసుకోవద్దు. మీ పాత పల్చటి బనియనే మేలు.

చలేసినట్టు, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు అనిపిస్తే ఆగండి. తల తిరిగితే ఆగండి. ఉన్నట్టుండి చికాకు, కోపం ముంచుకొస్తే ఆగండి. ఫినిష్ ఇంకో కిలోమీటరే ఉన్నా ఆగండి.

వెనకపడ్డ టైమును చివరి మూడు కిలోమీటర్లలో లాగాలని చూడొద్దు. మళ్లీ చెప్తున్నా, లాగొద్దు. ఒంట్లో వేడి అప్పటికే అంచున ఉంటుంది.

పరుగయ్యాక మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఇంట్లో పడుకోవద్దు, ఆ గంటలోనే ఆస్పత్రికి పోండి.

నీళ్ల టేబుల్ పెట్టేవాళ్లకు: తాగే నీళ్లు వేరు, ఒంటిమీద పోసే నీళ్లు వేరు. ప్రతి టేబుల్ దగ్గరా ఒక డ్రమ్ము నీళ్లు, ఐసు గడ్డలు, నాలుగు దుప్పట్లు ఉండాలి. లేకపోతే టేబుల్ పెట్టొద్దు.

పడినవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. పరుగులో తగిలే వడదెబ్బలో ఒళ్లు తడిసే ఉంటుంది. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ వెయ్యొద్దు, ఇది జ్వరం కాదు. 108కి ఫోన్ చెయ్యండి. అది వచ్చేదాకా చూస్తూ నిలబడొద్దు. చొక్కా తీసి, నీడకు లాగి, ఐసు నీళ్లలో ముంచిన దుప్పటి కప్పి, నిమిషానికోసారి మారుస్తూ ఉండండి. తొట్టి ఉంటే చన్నీళ్లలో మెడ దాకా కూర్చోబెట్టి, తల మునగకుండా పట్టుకోండి. ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. మా వాడిని తడి బట్టల్లోనే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. ట్రాఫిక్‌లో పోయిన ఆ ఇరవై నిమిషాల్లో ఒంటిమీద చెంబెడు చన్నీళ్లు పడలేదు.

పక్కన పరిగెత్తేవాడి అడుగు తేడాగా పడుతుంటే ఏ ఊరని అడగండి. ఈరోజు ఏ వారమో అడగండి. తడబడితే చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు లాగండి. విదిలించుకుంటాడు, తిడతాడు. వదలొద్దు.