‘వీక్’ (weak) అనే ఇంగ్లిష్ మాటను తెలుగులో ఎలా రాయాలి?

ఇంగ్లిష్ కాగితాలను తెలుగు చేయడం కడపలో నాకు రోజువారీ పని. ఆస్పత్రి రిపోర్టులు, సైన్సు పాఠాలు, నోటీసులు వస్తుంటాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లల అనువాదాలు కూడా దిద్దుతాను. వీటన్నిట్లో అందరూ ఒకేలా తప్పుచేసే మాట ‘వీక్’. అది కంటపడితే చాలు, ‘బలహీనమైన’ అని రాసేసి ముందుకు పోతారు. బలహీనమైన టీ, బలహీనమైన సాకు, బలహీనమైన నవ్వు! ఇంట్లో ఎవరైనా ఇట్లా మాట్లాడతారా?

కావాల్సినవి పెన్సిలు, తెల్లకాగితం, అచ్చు నిఘంటువు. పెన్నుతో రాయకూడదు, రాసింది కొట్టేయడానికి మనసొప్పదు. ఫోన్లో వెతకడమూ వద్దు. ఫోను ముందుగా ఒక మాట చూపిస్తుంది, మనం అక్కడే ఆగిపోతాం. నిఘంటువు తెరిస్తే అర్థాలన్నీ వరుసగా కళ్లబడతాయి. సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగానికి వచ్చింది మన కడపకే. ఆయన నిఘంటువులు 1850ల్లో అచ్చయ్యాయి. ఇప్పటికీ నేను వాటిని తిరగేస్తుంటాను. మాటకు ఒక్క అర్థం ఇచ్చి సరిపెట్టకుండా వాడుకలు చూపించడం ఆయన పద్ధతి. అనువాదానికి అదే సరైన దారి.

మొదటి మెట్టు. ‘వీక్’ను వదిలేసి దాని పక్కమాట కింద గీత గీయండి. టీనా, చూపా, వాదనా, సిగ్నలా? అంతే.

రెండో మెట్టు. అక్కడ ఏది తక్కువైందో మార్జిన్లో రాసుకోండి. టీలో డికాషన్, వాదనలో పస, పిల్లవాడికి లెక్కల్లో పట్టు, మనిషిలో మనోనిబ్బరం.

మూడో మెట్టు. ఆ లోటుకు మనవాళ్లు వాడే మాట వేయండి. పల్చటి టీ, పస లేని వాదన, కుంటిసాకు, పేలవమైన నవ్వు. చూపు ఆనడం లేదు, సిగ్నల్ సరిగా అందడం లేదు, పిల్లవాడు లెక్కల్లో వెనకబడ్డాడు. చివరి మూడింటిలో విశేషణం పోయి క్రియ వచ్చింది చూడండి. తెలుగుకు క్రియే అందం, ఎక్కడ వీలైతే అక్కడ విశేషణాన్ని క్రియ చేసేయాలి.

నాలుగో మెట్టు దగ్గర మాత్రం నిదానించండి. వైద్యం, శాస్త్రం కాగితాల్లో ఈ మాట వస్తే ఇప్పటిదాకా చెప్పిన స్వేచ్ఛ పనికిరాదు.

ముందు వైద్యం. మనం ‘వీక్‌గా ఉంది’ అంటే నీరసమని. జ్వరం తగ్గాక ఒంట్లో సత్తువ లేకపోవడం, మా వైపు నిత్రాణ అంటారే, అది. డాక్టరు రిపోర్టులో ‘ఎడమ చేతిలో వీక్‌నెస్’ అని రాస్తే అది నీరసం కాదు. కండరంలో బలం తగ్గింది, చెయ్యి పైకి లేవడం లేదు, పట్టుకున్న గ్లాసు జారిపోతోంది అని. దాన్ని ‘ఎడమ చెయ్యి నీరసంగా ఉంది’ అని తెలుగు చేస్తే, చదివిన ఇంటివాళ్లు గ్లూకోజు నీళ్లు తాగించి పడుకోబెడతారు. ఒకవైపు చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పట్టు తప్పడం, మూతి వంకర పోవడం పక్షవాతం లక్షణాలు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందును మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. ఆ వేళ 108కి ఫోన్ చేయించాల్సిన కాగితం మన అనువాదం వల్ల ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

కాబట్టి ఆస్పత్రి కాగితంలో ఈ మాట కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒళ్లంతటికీ చెప్పారా, ఒక భాగానికి చెప్పారా? అలసట గురించా, కదలిక గురించా? ఒళ్లంతా అలసటైతే నీరసం. ఒక భాగం కదలికైతే ‘బలం తగ్గింది’, ‘పట్టు తప్పింది’. పూర్తిగా కదలకపోతేనే ‘చచ్చుబడింది’. నాడి గురించైతే ‘నాడి సన్నగా కొట్టుకుంటోంది’. ఎటూ తేలకపోతే ఊహించి రాయొద్దు, రాసిన డాక్టరునే అడగండి.

శాస్త్రంలో చిక్కు ఇంకో రకం. ‘వీక్ యాసిడ్’ను ‘పల్చటి ఆమ్లం’ అని రాసే పిల్లల్ని ఎందరినో దిద్దాను. మూడో మెట్టులో టీకి వేసిన మాట ఇక్కడా వేసేస్తారు. నీళ్లు ఎక్కువ కలిపితే వచ్చేది సజల ఆమ్లం. బలహీన ఆమ్లం అంటే నీటిలో పూర్తిగా అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) విడిపోనిది. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లం అలాంటిది. దాన్ని ఎంత గాఢంగా తీసుకున్నా బలహీన ఆమ్లమే, అయినా చర్మం మీద పడితే కాలుస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నీళ్లు పోసినా అది బలమైన ఆమ్లమే. అందుకే ఇక్కడ ‘బలహీన’ తప్ప వేరే మాట వేయకూడదు.

ఐదో మెట్టు. స్థిరపడిపోయిన పేర్లను కదిలించొద్దు. రాజ్యాంగం 46వ అధికరణంలో చెప్పిన వర్గాలు బలహీన వర్గాలే, అది తెలుగులో పాతుకున్న మాట. వాయుగుండం బలహీనపడింది, రుతుపవనాలు బలహీనపడ్డాయి అని పేపర్లో రాస్తే అనంతపురం వేరుశనగ రైతుకు వెంటనే తెలుస్తుంది. అక్కడ సొంత కవిత్వం అక్కర్లేదు.

ఆరో మెట్టు. రాసిందాన్ని ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. మనసులో చదువుకుంటే చాలదు, గొంతెత్తి చదవాలి. ‘అంటే ఏంది నాయనా?’ అని వాళ్లు ఆపిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.