మోటార్‌హోమ్ ఇంజిన్ స్వయంబోధిని – ఆరవ పాఠం: ఇంజిన్ ఆయిల్‌లోకి కూలెంట్ ఎక్కడి నుంచి వస్తోంది?

గత పాఠంలో రేడియేటర్ మూత కూలెంట్‌ను పీడనంలో ఎందుకు ఉంచుతుందో, ఆ పీడనం వల్ల అది మరిగే ఉష్ణోగ్రత ఎలా పెరుగుతుందో తెలుసుకున్నాము. ఈ పాఠానికి ఆ పీడనమే ఆధారం. ఆయిల్‌లో కూలెంట్ కనబడిందనగానే చాలామంది హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని నిర్ధారించుకుని, వేల డాలర్ల మరమ్మతుకు సిద్ధపడిపోతారు. నిజానికి వెనుక ఇంజిన్ ఉండే పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లో కూలెంటూ ఆయిలూ పలుచని గోడకు అటూ ఇటూ ప్రవహించే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఏది తెగిందో, ఇంజిన్ విప్పకముందే చాలావరకు తేల్చుకోవచ్చు.

అమెరికాలో స్థిరపడి, పదవీ విరమణ తరువాతనో పిల్లల సెలవుల్లోనో దేశం చుట్టిరావాలని పాత డీజిల్ పుషర్ (ఈ వెనుక ఇంజిన్ మోటార్‌హోమే) కొనుక్కునే మన కుటుంబాలకు ఎక్కువగా ఎదురయ్యేవి 8.3 లీటర్ల కమ్మిన్స్ ఐఎస్‌సీ, 8.9 లీటర్ల ఐఎస్ఎల్ ఇంజిన్లు. అందుకే పాఠమంతా ముఖ్యంగా వాటిని దృష్టిలో పెట్టుకునే సాగుతుంది. పెట్రోలు ఇంజిన్ల సంగతి చివరలో కొంత చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. స్ప్రింగుల బదులు సస్పెన్షన్ ఎయిర్ బ్యాగుల మీద నిలిచే బండి కిందికి, ఛాసిస్ ఫ్రేము కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. గాలి దిగిపోతే టన్నుల బరువు క్షణాల్లో కిందికి కూర్చుంటుంది. లెవలింగ్ జాకులు బండిని సమంగా నిలపడానికే తప్ప మనిషి ప్రాణానికి పూచీ ఇవ్వడానికి కాదు. ఇంజిన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత తీయవద్దు. పాత్రలోకి దించిన కూలెంట్‌ను తెరిచి ఉంచవద్దు, ఎందుకంటే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండటం వల్ల కుక్కలు దాన్ని నాకుతాయి, కొద్ది పరిమాణమే వాటి మూత్రపిండాలను పాడుచేసి చంపగలదు.

అది నిజంగా కూలెంటేనా?

ఆయిల్ పోసే మూత లోపలి వైపు, చల్ల చిలికిన కవ్వానికి అంటుకున్న వెన్నలాంటి పసుపుపచ్చని పదార్థం కనబడితే వెంటనే కంగారు పడనక్కర లేదు. మోటార్‌హోమ్ నెలల తరబడి నిలిపి ఉంచే బండి. చలికాలంలో యజమాని వారానికోసారి పదిహేను నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తుంటే, దహనంలో పుట్టిన నీటి ఆవిరి చల్లని మూతకు తగిలి నీరై ఆయిల్‌తో కలిసిపోతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడిపితే ఈ తేమ ఆవిరై పోతుంది, కూలెంట్ అయితే పోదు. కాబట్టి నిలిపి ఉంచిన బండిని స్టార్ట్ చేస్తే కనీసం అరగంటైనా రోడ్డు మీద నడపాలి, లేదంటే అసలు స్టార్ట్ చేయకుండా వదిలేయడమే ఇంజిన్‌కు మేలని నా అభిప్రాయం.

డిప్‌స్టిక్ మీద ఉన్న ఆయిలే లేత గోధుమరంగుకు తిరిగి, మట్టం పెరిగి, అదే సమయంలో సర్జ్ ట్యాంకులో (కూలెంట్ పోసి, మట్టం చూసే ట్యాంకులో) కూలెంట్ తగ్గుతుంటే అనుమానం బలపడుతుంది. మట్టం పెరిగినా రంగు నల్లగానే ఉండి, డీజిల్ వాసన వస్తుంటే అది ఇంధనం కారడం, ఆ దారి వేరు. కూలెంట్ తగ్గినంత మాత్రాన అది ఆయిల్‌లోకే పోయిందనుకోకూడదు. పుషర్‌లో వెనుక ఇంజిన్ నుంచి ముందున్న డ్యాష్ హీటర్ వరకు పొడవాటి గొట్టాలు సాగుతాయి. కొన్ని బండ్లలో నీళ్ల హీటర్‌కు, ఇల్లు వేడిచేసే హైడ్రానిక్ వ్యవస్థకు కూడా ఈ కూలెంటే వెళుతుంది. ముందు ఆ జాయింట్లన్నీ తడిమి చూడాలి.

అనుమానం తీర్చుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల మంచి పరీక్ష ఒకటుంది. నీరూ గ్లైకాలూ కలిసిన కూలెంట్ ఆయిల్ కంటే బరువైనది కనుక, బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే, ఆయిల్‌తో ఇంకా చిలకబడని కూలెంట్, పాన్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుకు దిగుతుంది. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే డ్రెయిన్ ప్లగ్‌ను రెంచితో వదులు చేసి, తరువాత దాన్ని వేళ్లతో లోపలికి ఒత్తి పట్టుకుంటూ చివరి మరల వరకు తిప్పాలి. అక్కడ ఒత్తిడిని కాస్త సడలించి, అంచు నుంచి ఒక చిన్న ధార మాత్రమే శుభ్రమైన గాజు సీసాలోకి జారనివ్వాలి. మొదట ఆకుపచ్చగానో, ఎర్రగానో పలుచని ద్రవం వచ్చి, ఆ వెనుక ఆయిల్ వస్తే ఇక సందేహం లేదు. తొలి ధారే నల్లని ఆయిల్ అయితే కూలెంట్ లేదని మాత్రం అనుకోవద్దు, అది చిలకబడి ఆయిల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు.

అటువంటప్పుడు 150 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కిన లోహపు పళ్లెం మీద ఒక చుక్క ఆయిల్ వేసి చూడాలి. చిటపటమంటూ బుడగలు లేస్తే నీరున్నట్టే. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయవద్దు. ఈ పరీక్ష నీరుందని చెబుతుందే గాని గ్లైకాల్ ఉందని చెప్పదు. దానికి ప్రయోగశాలే శరణ్యం. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో ఉన్న బ్లాక్‌స్టోన్ లేబొరేటరీస్ వంటి సంస్థలకు చిన్న సీసాలో నమూనా పంపితే నివేదిక వస్తుంది. అందులో చూడవలసినవి సోడియం, పొటాషియం. కూలెంట్‌లో కలిపే రక్షక రసాయనాల నుంచి వచ్చే ఈ లోహాలు, నీరు ఆవిరైపోయినా ఆయిల్‌లో మిగిలిపోతాయి. పొటాషియం అల్యూమినియంతో కలిసి పెరిగి సోడియం మామూలుగా ఉంటే, అది కొత్త చార్జ్ ఎయిర్ కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌కు పోయే గాలిని చల్లబరిచే భాగం) అతుకుల నుంచి వచ్చే ఫ్లక్స్, అంటే అతికేటప్పుడు వాడే రసాయనం కావచ్చు. కొన్ని ఆయిళ్లలో సోడియం సహజంగానే ఉంటుంది కాబట్టి, వాడని ఆయిల్ నమూనాతో పోల్చి చూడడం మంచిది. సీసం, రాగి కూడా పెరిగి ఉంటే గ్లైకాల్ అప్పటికే బేరింగులను తినడం మొదలుపెట్టిందని అర్థం. ఆ నివేదిక చూశాక ఇంజిన్‌ను ఒక్క నిమిషం కూడా నడపవద్దు.

ఏ ద్రవం ఎప్పుడు ఎక్కువ పీడనంలో ఉంటుంది?

పాఠానికి ఇదే గుండెకాయ, నెమ్మదిగా చదవండి. రోడ్డు మీద సాగుతున్న ఇంజిన్‌లో ఆయిల్ పీడనం సాధారణంగా 40 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి 40 పౌన్లకు) పైన ఉంటుంది, కూలెంట్ పీడనం మూత అనుమతించే 15 పీఎస్ఐ దాటదు. ఇంజిన్ ఆపగానే ఆయిల్ పీడనం సున్నాకు పడిపోతుంది, కూలెంట్ మాత్రం వేడిగా ఉన్నంతసేపూ పీడనంలోనే ఉంటుంది. అందువల్ల పీడనంలో ఉన్న ఆయిల్‌కూ కూలెంట్‌కూ మధ్య గోడ తెగితే, నడుస్తున్నప్పుడు ఆయిల్ కూలెంట్‌లోకి, ఆపాక కూలెంట్ ఆయిల్‌లోకి పోతాయి. అంటే రెండింటిలోనూ మచ్చ కనబడుతుంది. సర్జ్ ట్యాంకు గోడల మీద గోధుమరంగు జిడ్డు పొర ఉండి, డిప్‌స్టిక్ మీదా రంగు మారితే, మొదట చూడవలసింది ఆయిల్ కూలర్. ఆయిల్ ఫిల్టర్ తల ఉండే మూత వెనుక, కూలెంట్ చుట్టూ తిరిగే అరలో ఈ పలకల కూలర్ కూర్చుని ఉంటుంది. హెడ్ గాస్కెట్ ఆయిల్ దారి దగ్గర తెగినా ఇవే గుర్తులు వస్తాయి కానీ, కూలర్ విప్పడం దానికంటే ఎంతో తేలిక. విప్పిన కూలర్ రంధ్రాలు మూసి, నీటిలో ముంచి గాలి ఎక్కిస్తే బుడగలే సాక్ష్యం చెబుతాయి.

ఆయిల్‌లో కూలెంట్ ఉంది గాని కూలెంట్‌లో ఆయిల్ జాడే లేదంటే, కూలెంట్ కారుతున్నది ఆయిల్ పీడనం లేని చోటికి, అంటే క్రాంక్‌కేసు (క్రాంక్ తిరిగే కింది గది) ఖాళీ భాగంలోకి. ఐఎస్‌సీ, ఐఎస్ఎల్ ఇంజిన్లలో మొదటి అనుమానితం వెట్ లైనర్. సిలిండర్ లైనర్ వెలుపలి గోడ నేరుగా కూలెంట్‌కు తగులుతూ ఉంటుంది, కింది భాగంలో రబ్బరు రింగు కూలెంట్‌ను ఆపుతుంది. ఆ రింగు గట్టిపడి పగిలినా కారుతుంది, లైనర్ గోడకే చిల్లి పడినా కారుతుంది. పిస్టన్ దెబ్బకు లైనర్ అతి వేగంగా కంపించడంతో దాని వెలుపల కూలెంట్‌లో సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి చితుకుతూ, ఏళ్ల తరబడి అదే చోట ఇనుమును కొరుకుతాయి. దీన్ని ఆపడానికే డీజిల్ కూలెంట్‌లో ఎస్‌సీఏ అనే అదనపు రక్షక రసాయనం కలుపుతారు. అది తగినంత ఉందో లేదో పరీక్షా పట్టీలతో చూడని పాత బండ్లలో ఈ చిల్లులు ఎక్కువ. కొనేముందు అమ్మేవారిని ఈ ప్రశ్న తప్పక అడగండి.

పీడన పరీక్ష

చల్లని ఇంజిన్ నుంచి ఆయిల్ పూర్తిగా దించి, డ్రెయిన్ ప్లగ్ తీసే ఉంచి, సర్జ్ ట్యాంకు మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత పీడనమే ఎక్కించాలి, అంతకు మించరాదు. ముల్లు పడిపోతుంటే బయట ఎక్కడా తడి లేదని నిర్ధారించుకుని, డ్రెయిన్ రంధ్రం కింద తెల్ల కాగితం పరచాలి. కొన్ని లీకులు గంటల తరువాతే చుక్క విడుస్తాయి కనుక, సాయంత్రం బిగించి ఉదయం చూడడం మేలు. చుక్క పడుతున్నదని తేలాక పాన్ దించగలిగితే ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం మరొకటి లేదు. టార్చి వేసి పైకి చూస్తే, ఏ లైనర్ కింది అంచున రంగునీరు వేలాడి క్రాంక్ మీదికి జారుతోందో కళ్లకు కడుతుంది. క్రాంక్‌ను చేత్తో కొంచెం తిప్పి, పిస్టన్ పైకి పోయాక లైనర్ లోపలి గోడనూ చూడాలి. లోపల తడి ఉంటే లైనర్‌కు చిల్లి, బయటి అంచున మాత్రమే తడి ఉంటే రింగు. చుక్క లైనర్ల వద్ద కాక ముందున్న గేర్ల గది వైపు నుంచి వస్తుంటే ఇంజిన్ మొత్తం విప్పే పని లేదు, తరువాతి భాగం చదవండి.

ఎయిర్ కంప్రెసర్ అనే అనుమానితుడు

ఎయిర్ బ్రేకులున్న పుషర్‌లో కంప్రెసర్‌కు ఇంజిన్ ఆయిలే కందెన, ఇంజిన్ కూలెంటే చల్లదనం. దాని హెడ్ గాస్కెట్ తెగితే 100 పీఎస్ఐకి పైబడిన గాలి కూలెంట్‌లోకి తోసుకుని వచ్చి, సర్జ్ ట్యాంకులో బుడగలు లేపి కూలెంట్‌ను బయటికి నెడుతుంది. దాన్ని చూసినవారు ఇంజిన్ హెడ్ గాస్కెట్ పోయిందనే అనుకుంటారు. బండి ఆపాక అదే చిల్లు నుంచి కూలెంట్ కంప్రెసర్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి క్రాంక్‌కేసులోకి దిగుతుంది. నిజం తేల్చడానికి చిన్న ఉపాయం ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ముందే, చల్లగా ఉన్నప్పుడే ట్యాంకు మూత తీసి ఉంచి, బ్రేకు గాలిని తొక్కి తగ్గించి, తరువాత స్టార్ట్ చేసి చూడాలి. గాలి ట్యాంకులు నిండుతున్నంతసేపూ బుడగలు వచ్చి, గవర్నర్ (గాలి నిండగానే కంప్రెసర్ పనిని నిలిపే వాల్వు) కంప్రెసర్‌ను ఆపగానే అవీ ఆగితే నేరం కంప్రెసర్‌దే. రెండు స్థితుల్లోనూ బుడగలు వస్తుంటే దహన వాయువులు కారుతున్నాయని అర్థం. గాలి ట్యాంకుల అడుగు వాల్వు తెరిస్తే కూలెంట్ రంగు నీరు రావడం అదనపు సాక్ష్యం. ఆయిల్‌లో కూలెంట్ ఉందని ముందే తేలిన ఇంజిన్‌ను మాత్రం ఈ ఉపాయం కోసం స్టార్ట్ చేయవద్దు, పీడన పరీక్షనే నమ్ముకోండి.

పెట్రోలు బండ్లలో, ముఖ్యంగా పాత షెవ్రొలే 454 ఇంజిన్లలో, మొదట చూడవలసింది ఇంటేక్ మానిఫోల్డ్ గాస్కెట్. కూలెంట్ దారి మానిఫోల్డ్ ముందు భాగం నుంచే పోతుంది కనుక, అక్కడ కారింది నేరుగా లిఫ్టర్ల లోయలోకి (రెండు సిలిండర్ల వరుసల మధ్య, వాల్వులను నడిపే భాగాలుండే పల్లంలోకి) దిగుతుంది. దహన వాయువులను పసిగట్టి నీలం నుంచి పసుపుకు మారే ద్రవ పరీక్ష పెట్రోలు ఇంజిన్లలో నమ్మదగినదే. ఐడిలింగ్‌లో డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కనుక, అక్కడ అదే పరీక్ష లీకు ఉన్నా లేదనవచ్చు.

సాధనగా, ఆరోగ్యంగా ఉన్న మీ బండి నుంచే వచ్చే ఆయిల్ మార్పు సమయంలో, ఆయిల్ వేడిగా ఉండగా, దించే ధార మధ్యలో నుంచి నమూనా పట్టి ప్రయోగశాలకు పంపండి. సర్జ్ ట్యాంకులో చల్లని మట్టం దగ్గర ఒక గీత గీసి, ప్రతి ప్రయాణం తరువాత ఆ గీతను చూసి పుస్తకంలో రాసుకోండి. ఆరేడు గాలన్ల ఆయిల్ పట్టే ఇంజిన్‌లో చెంబెడు కూలెంట్ కలిసినా డిప్‌స్టిక్ తొందరగా చెప్పదు, ఆ గీతే ముందు చెబుతుంది. ఏడవ పాఠంలో ఆయిల్ కూలర్‌ను విప్పి, పరీక్షించి, కలుషితమైన ఇంజిన్‌ను శుభ్రం చేసి తిరిగి ఆయిల్ నింపే పద్ధతిని చూద్దాము.