గొలుసుకట్టు చెరువుల్లో వరదను అదుపు చేయడం: మత్తడి, కాలువ, కట్ట

తెలంగాణ పల్లెల్లో ఒక వాగు మీద ఒక్క చెరువే ఉండడం అరుదు. పై చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోవడానికి కట్టిన గోడ, అలుగు) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది, అదీ నిండితే మరో చెరువుకు పోతుంది, చివరికి వాగులోనో నదిలోనో కలుస్తుంది. కాకతీయుల కాలంలో విస్తరించిన ఈ గొలుసుకట్టు పద్ధతి నేటికీ మన వ్యవసాయానికి ఆధారం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పునరుద్ధరణకు గుర్తించిన చెరువులు, కుంటలే 46 వేలకు పైగా ఉన్నాయి. అయితే కరువు కాలంలో మేలు చేసే ఈ కూర్పే వరద కాలంలో కీడు చేయగలదు, ఎందుకంటే పైన ఒక కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందికి వచ్చి, అప్పటికే నిండి ఉన్న కట్టలను వరుసగా తెంచుకుంటూ పోతుంది. అందువల్ల మన ఊరి చెరువును మాత్రమే చూసుకుంటే సరిపోదు. గొలుసులోని ఊళ్లన్నీ కలిసి చేయవలసిన పని ఇది.

వానాకాలానికి ముందే, అంటే మే నెలలోనే, గొలుసు మొత్తాన్ని పై నుంచి కింది వరకు కాలినడకన చూసి ఒక పటం గీయండి. ప్రతి చెరువుకు మత్తడి పొడవు, మత్తడి అంచు నుంచి కట్ట పైభాగం వరకు ఉన్న ఎత్తు, నిండినప్పటి నీటి విస్తీర్ణం, తూములు (పొలాలకు నీరు వదిలే ద్వారాలు) ఎన్ని, అవి తెరుచుకుంటున్నాయా లేదా అన్నవి రాసుకోవాలి. పై చెరువు మత్తడి దూకిన ఎన్ని గంటలకు నీరు కింది చెరువును చేరుతుందో ఊరి నీరటిని (చెరువు నీటిని చూసుకునే మనిషిని), పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. ఇది ఏ కాగితంలోనూ దొరకని సమాచారం, వరద రాత్రి అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది కూడా ఇదే.

తరువాత కొద్దిగా లెక్క చూసుకోవాలి. వాతావరణ శాఖ 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకు కురిసే వానను అతి భారీ వర్షం అంటుంది. పది చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంపై (చెరువులోకి వాననీరు పారి వచ్చే నేలపై) 115 మిల్లీమీటర్లు కురిసి, అందులో సగమే పారి వచ్చిందనుకున్నా, చెరువుకు చేరేది సుమారు 5.75 లక్షల ఘనపు మీటర్లు. 40 హెక్టార్ల విస్తీర్ణమున్న చెరువులో నీటిమట్టాన్ని 30 సెంటీమీటర్లు తగ్గిస్తే ఏర్పడే ఖాళీ 1.2 లక్షల ఘనపు మీటర్లు మాత్రమే. పది క్యూసెక్కులు (సెకనుకు పది ఘనపు అడుగులు) వదిలే తూముతో ఆ ఖాళీ చేయడానికే దాదాపు ఐదు రోజులు పడుతుంది. తూములు పొలాలకు నీరివ్వడానికి కట్టినవి, వరదను పంపడానికి కట్టినవి కావు. కాబట్టి ముందుగా నీరు తీయడం వల్ల కొంత వ్యవధి దొరుకుతుందే తప్ప, వరదను దాటించేది మత్తడి, దాని కింద ఉన్న కాలువ.

మత్తడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మనం చేసే పెద్ద తప్పులన్నీ అక్కడే ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య సూచనలతో హైదరాబాద్ ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు గేట్లున్నాయి, అవసరాన్ని బట్టి నీటిని ఆపవచ్చు, వదలవచ్చు. ఊరి చెరువుకు ఆ వీలు సాధారణంగా ఉండదు. దాని పూర్తి నీటిమట్టం అంటే మత్తడి అంచే. ఇరవై మీటర్ల పొడవున్న మత్తడి మీద అర మీటరు లోతున నీరు పారితే సెకనుకు సుమారు 12 ఘనపు మీటర్లు పోతుంది, మీటరు లోతున పారితే 34 పోతుంది. లోతు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది కనుక మత్తడి అంచు పైన ఖాళీగా ఉండే ప్రతి అంగుళం విలువైనది. రబీకి నీరు నిలవాలన్న ఆశతో మత్తడిపై 30 సెంటీమీటర్ల ఎత్తున ఇసుక బస్తాలు వేస్తే, మీటరు లోతున పారగలిగిన చోట 70 సెంటీమీటర్లే మిగులుతుంది. ప్రవాహం 34 నుంచి 20కి పడిపోతుంది, ఆ ఆగిన నీటి భారమంతా కట్ట మీద పడుతుంది. రైతు ఆశ అర్థం కానిది కాదు, కానీ ఆ బస్తాలను వాన సూచన రాగానే తీసివేయాలి. చేపలు పోకుండా కట్టే వలలు, జాలీలకూ ఇదే నియమం వర్తిస్తుంది. గుర్రపు డెక్క, కొమ్మలు వాటికి అడ్డుపడితే జాలీయే గోడ అవుతుంది. మత్స్య సహకార సంఘంతో ఈ మాట ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవడం మేలు.

మత్తడి కింది కాలువను కూడా అంతే శ్రద్ధతో చూడాలి. సర్కారు తుమ్మ, పూడిక, దారి కోసం వేసిన సన్నని పైపులు ఎక్కడున్నాయో గుర్తించి తొలగింపజేయాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల వరకు, చిన్నవాటికి 9 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోని బాలాపూర్ వద్ద గుర్రం చెరువుకు గండి పడి దిగువ కాలనీలు మునిగిన తీరు చూసినవారికి ఈ దూరాలు ఎందుకో వివరించనక్కరలేదు.

వాన సూచన వచ్చాక తూములు తెరవడం కింది చెరువు నుంచి మొదలుపెట్టండి. కింద చోటు చేసిన తరువాతే పైది తెరవాలి. పైది ముందు తెరిస్తే మన చేతులతోనే కింది చెరువును నింపినట్టవుతుంది. కాపలా మాత్రం పై చెరువు నుంచి మొదలుకావాలి. ప్రతి కట్టపైనా ఇద్దరిద్దరు చొప్పున టార్చీలతో రాత్రంతా తిరుగుతూ, తూము గోడపై రంగుతో గీసిన కొలతను గంటగంటకూ చూసి కింది ఊరికి ఫోన్ చేయాలి.

కట్ట వెలుపలి వైపు ఊట కనిపిస్తే ముందు దాని రంగు చూడండి. తేటగా వస్తుంటే గమనిస్తూ ఉండవచ్చు, బురదగా వస్తుంటే లోపల మట్టి కోసుకుపోతోందని, బుంగ పడుతోందని అర్థం. ఆ నోటిని బంకమట్టితో మూయకూడదు, నీరు పక్కదారి వెతుక్కుంటుంది. ముందు ఇసుక, దానిపై కంకర పోసి, మట్టి ఆగి నీరు మాత్రమే బయటికి వచ్చేలా చేయాలి. చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా పేర్చి లోపల నీరు కొంత నిలవనిస్తే ఒత్తిడి తగ్గుతుంది. లోపలి వైపు నీటిలో సుడి కనిపిస్తే గడ్డి మూటలు, మట్టి బస్తాలు అక్కడ దించాలి. ఆ పనికి నడుముకు తాడు కట్టుకోకుండా ఎవరూ దిగరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నీరు తగ్గించడానికి కట్టకు మనుషులే గండి కొట్టే ఆలోచన రానివ్వకండి. మట్టి కట్టలో తవ్విన చిన్న కోత నిమిషాల్లో చేతికి అందకుండా వెడల్పవుతుంది. తప్పనిసరైతే ఎక్కడ, ఎంత తీయాలో నీటిపారుదల శాఖ ఇంజినీరు నిర్ణయించాలి, అదీ దిగువ ఊళ్లు ఖాళీ అయ్యాకే.

నీరు కట్ట పైఅంచుకు అర మీటరు దూరంలోకి వస్తే ఇంక ఆలోచించకుండా దిగువ ఇళ్లను ఖాళీ చేయించండి. వరద తగ్గాక నీటిని తొందరపడి తీయవద్దు. నీటిమట్టం వేగంగా పడిపోతే తడిసిన కట్ట లోపలి వాలు జారవచ్చు. మత్తడి గోడపై నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తు చెరిగిపోకముందే తేదీతో సహా రంగు గీత గీయండి, వచ్చే మే నెలలో పటం సరిచూసుకునేటప్పుడు ముందుగా ఆ గీతనే కొలవాలి.