మత్స్య, వన్యప్రాణి శాస్త్రాల్లో పరిశోధనకు సిద్ధమయ్యే విధానం

ఈ రంగంలో పీజీ లేదా పీహెచ్‌డీకి వచ్చే విద్యార్థులు చాలామంది ముందు జంతువును ఎంచుకుంటారు. నీటికుక్కల మీద పనిచేయాలనే కోరిక మంచిదే గానీ, వలలు వేసే చోట అవి రాత్రిపూట మాత్రమే తిరుగుతున్నాయా అని అడిగినప్పుడే ఏం కొలవాలో, ఎక్కడ, ఎన్నాళ్లు కొలవాలో తేలుతుంది. ప్రశ్న కుదిరాక గైడ్‌ను వెతకండి. వారి దగ్గర చదివినవారితో నేరుగా మాట్లాడి, థీసిస్‌కు ఎన్నేళ్లు పట్టిందో, ఫీల్డ్‌లో ఎవరు తోడున్నారో తెలుసుకోండి.

గణాంకశాస్త్రాన్ని మొదటి సెమిస్టర్‌లోనే పట్టుదలగా నేర్చుకోవాలి. డేటా చేతికొచ్చాక చూసుకుందామనుకుంటే ఆలస్యమైపోతుంది. చేపలపై డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్, 1930లో బాతులపై అమెరికా శాస్త్రవేత్త లింకన్ చేసిన పని నుంచి వచ్చిన, జంతువుల సంఖ్యను అంచనా వేసే లెక్కనే చూడండి. చెరువులో 100 చేపలకు గుర్తు వేసి వదిలి, కొన్నాళ్లకు 80 పట్టినప్పుడు వాటిలో 20 గుర్తున్నవైతే, 100ను 80తో హెచ్చించి 20తో భాగించగా మొత్తం సుమారు 400 అని అంచనాకు వస్తాం. ఆ 20లో అయిదింటికి గుర్తు ఊడిపోయి ఉంటే మనకు 15 మాత్రమే కనిపిస్తాయి, అంచనా 533కు ఎగబాకుతుంది. చెరువులో చేపలేమీ పెరగలేదు, ఊడినవి అయిదు గుర్తులే. అందుకే గుర్తు ఎంతకాలం నిలుస్తుందో ముందే పరీక్షించాలి.

వయసు నిర్ధారణలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చేప తలలోని ఓటోలిత్ అనే చిన్న గట్టి ముక్కను కోసి, అందులోని వలయాలను ఇద్దరు విడివిడిగా, చేప పొడవు తెలియకుండా లెక్కించాలి. పొడవు తెలిస్తే పెద్ద చేపకు ఒక వలయం ఎక్కువ కనిపించడం మానవ సహజం.

జంతువులను పట్టడానికి కావలసిన అనుమతులకు, నైతిక కమిటీ ఆమోదానికి నెలలు పట్టవచ్చు కనుక ఫీల్డ్ సీజన్‌కు చాలా ముందే దరఖాస్తు చేయండి.

అసలు పనికి ముందు కొద్దిరోజుల ప్రయోగాత్మక సర్వే తప్పక చేయాలి. తడిసినా చిరగని కాగితంపై పెన్సిల్‌తో రాసుకుని, ఆ సాయంత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఏ జంతువూ కనిపించని రోజున సున్నా అని రాయాలి, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే, అక్కడికి వెళ్లినా ఏమీ కనిపించలేదో, అసలు వెళ్లనే లేదో ఏడాది తర్వాత మీకే తెలియదు.