వర్డ్ టూల్‌బార్‌లో పెట్టుకున్న బటన్లు కనిపించకపోతే

బటన్ కనబడలేదని వెంటనే రీసెట్ నొక్కకండి. చాలాసార్లు అది ఎక్కడికీ పోదు, వేరే చోట ఉంటుంది.

రిబ్బన్ (పైన బటన్లుండే వెడల్పాటి పట్టీ) మొత్తం పోయి ట్యాబ్‌ల పేర్లే మిగిలాయి

కారణం: ట్యాబ్ పేరు మీద పొరపాటున రెండుసార్లు క్లిక్ పడి రిబ్బన్ ముడుచుకుంది.
పరిష్కారం: కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కండి.

నిన్న పెట్టుకున్న బటన్ ఈరోజు కొత్త ఫైల్‌లో లేదు

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అంటే రిబ్బన్‌కు పైనో కిందో ఉండే చిన్న బటన్ల వరుస. ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్ పేజీ తెరిచి కుడివైపు జాబితా పైన ఉన్న చిన్న పెట్టె చూడండి. అక్కడ అప్పుడు తెరిచి ఉన్న ఫైల్ పేరు ఎంచుకుని ఉంటే, బటన్ ఆ ఒక్క ఫైల్‌కే అతుక్కుంటుంది. పాత ఫైల్ తెరవగానే మళ్ళీ కనిపిస్తుంది కూడా. పెట్టెలో ‘ఫర్ ఆల్ డాక్యుమెంట్స్’ ఎంచుకుని బటన్‌ను మళ్ళీ చేర్చండి.

హోమ్ ట్యాబ్‌లో కమాండ్ చేరనంటోంది

కారణం: వర్డ్‌తో వచ్చిన గ్రూపుల్లోకి కొత్త కమాండ్లు చేర్చనివ్వరు. ఫైల్, ఆప్షన్స్‌లోని కస్టమైజ్ రిబ్బన్ పేజీలో హోమ్ ట్యాబ్ మీద క్లిక్ చేసి, ‘న్యూ గ్రూప్’ నొక్కి, దానికి మీకు గుర్తుండే పేరు పెట్టి అందులో చేర్చండి. వర్డ్ 2007 వాడేవారికి ఈ పేజీయే ఉండదు. రిబ్బన్‌ను ఇలా మార్చుకునే వీలు 2010 నుంచే వచ్చింది.

కావలసిన కమాండ్ జాబితాలోనే లేదు

మొదట కనిపించేవి ఎక్కువమంది వాడే కమాండ్లు మాత్రమే. ఎడమవైపు జాబితా పైన ఉన్న పెట్టెను ‘ఆల్ కమాండ్స్’కు మార్చండి.

అన్నీ కలగాపులగమయ్యాయి

ఇప్పుడు రీసెట్ తప్పదు. అయితే ‘రీసెట్ ఆల్ కస్టమైజేషన్స్’ నొక్కినప్పుడు వచ్చే ప్రశ్నను దయచేసి చివరిదాకా చదవండి: రిబ్బన్‌తో పాటు క్విక్ యాక్సెస్ టూల్‌బార్ మార్పులు కూడా తుడిచేస్తానని అడుగుతుంది. ఒక్క ట్యాబే పాడైతే ఆ ట్యాబ్ ఒక్కదాన్నే రీసెట్ చేసే ఎంపిక పక్కనే ఉంది, ముందు దాన్ని వాడండి. ఏది చేసినా దానికి ముందు ‘ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్’తో మీ అమరికను ఫైల్‌గా దాచుకోండి. దాన్ని తిరిగి తెచ్చుకునేటప్పుడు అప్పటికి ఉన్న అమరిక మొత్తం పోయి ఇది వస్తుంది, రెండూ కలవవు.

వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్ రైటర్‌లోనూ తీరు దాదాపు ఇంతే. టూల్‌బార్ కనిపించకపోతే వ్యూ మెనూలోని టూల్‌బార్స్‌లో టిక్ ఉందో లేదో చూడండి. టూల్స్, కస్టమైజ్‌లో ‘స్కోప్’ దగ్గర ఫైల్ పేరుంటే, మార్పు ఆ ఫైల్‌కే పరిమితం.